టైల్స్ వెనక పైపులు ఎటు పోయాయో తెలీదు, షవర్ రాడ్ ఎక్కడ బిగించాలి?

మూడోఅంతస్తు (శనివారం, ఉదయం 9:10)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది హైదరాబాద్‌లో 2012లో కట్టిన అపార్ట్‌మెంట్, ఐదంతస్తుల్లో మూడోది, రీసేల్‌లో కొన్నాం కాబట్టి గోడల్లో పైపులు ఎటు పోయాయో చెప్పే నాథుడు లేడు, అప్పటి బిల్డర్ ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు బిర్యానీ హోటల్ ఉంది.

సంగతేంటంటే నాన్నగారికి వచ్చే నెల మోకాలి ఆపరేషన్, అయ్యాక మా దగ్గరే ఉంటారు. బకెట్లోకి వంగి చెంబుతో పోసుకోలేరు, అందుకని స్టూలు మీద కూర్చుని స్నానం చేసేలా హ్యాండ్ షవర్ పెడదామని, పైకీ కిందకీ జరిపే స్లైడింగ్ రాడ్ ఉంటుంది కదా, అది కొన్నాను. దానికి గోడలో పైన ఒకచోట కింద ఒకచోట స్క్రూలు పడాలి, రెండిటి మధ్య 60 సెంటీమీటర్లు.

మా బాత్రూంలో వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే వాల్ మిక్సర్ ఒకటే, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో. గీజర్ పాయింట్లు అదే గోడకి ఏడడుగుల మీద, కాకపోతే మిక్సర్‌కి సరిగ్గా నెత్తిన కాదు, కుడి పక్కకి ఒక అడుగున్నర జరిగి ఉన్నాయి. అంటే ఆ రెండిటి మధ్యనే ఎక్కడో గోడలో వేడినీళ్ళ పైపూ చన్నీళ్ళ పైపూ ఉన్నాయి, నేను డ్రిల్ చెయ్యాల్సిందీ అక్కడే. నిన్న ప్లంబర్ వచ్చి మిక్సర్‌కి కుడిపక్కన గోడని వేళ్ళతో టకటక కొట్టి "ఇక్కడేం లేదు సార్ కొట్టేద్దాం" అన్నాడు. ఆ టకటక మీద నాకు నమ్మకం కుదర్లేదు, రేపు చూద్దాంలే అని పంపించేశాను. మీరేమంటారు?

గోదారిగట్టు (శనివారం, ఉదయం 9:41)

పంపించి మంచి పని చేశారండి. మా తోడల్లుడు గారింట్లో ఇలాగే టకటక కొట్టి టవల్ రాడ్ బిగించాడొకడు. అంతా బానే ఉంది, రాడ్డు మెరిసిపోతోంది, కాఫీ తాగి డబ్బులు తీసుకుని వెళ్ళాడు. నాలుగు నెలలకి గోడకి అవతలున్న బెడ్రూం బీరువా వెనక పెయింట్ బుడగల్లా లేచింది. వానాకాలం చెమ్మ అనుకున్నారు. తర్వాత బీరువా అడుగు చెక్క ఉబ్బింది. చివరికి తేలిందేంటంటే స్క్రూ పైపులోకే దిగిందండి, దిగి అదే బిరడాలాగా అడ్డం పడింది, అంచేత ఒక్కసారిగా చిమ్మకుండా చుక్క చుక్క గోడ తాగేసింది. చిమ్మితే నయం, వెంటనే తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు (శనివారం, ఉదయం 10:05)

అన్నా గంత భయపడేదేం లేదు. పైపులు ఎప్పుడైనా సీదా ఉంటయి. మిక్సర్ గోడలకు పోయే రెండు కాళ్ళ నుంచి సీదా పైకి, గీజర్ కాడ అడ్డం. గంతే. మిక్సర్‌కి కుడి పక్క ఓ జానెడు జరిగి కొట్టుకో, ఏం గాదు. నేను మూడు ఇండ్లల్ల గట్లనే బిగించిన.

ప్లంబింగ్‌పంతులు (శనివారం, ఉదయం 10:52)

పోరడా, నీ మూడిళ్ళ మేస్త్రులు బుద్ధిమంతులు, నీ అదృష్టం. నేను ఇరవై ఏళ్ళుగా సైట్ల మీద ఉన్నాను, సీదా వెయ్యాలన్నది రూలే, అందరూ పాటిస్తారన్నది మాత్రం రూలు కాదు. గీజర్ మిక్సర్‌కి నెత్తినే ఉంటే నువ్వు చెప్పింది చాలావరకు కరెక్టు. ఇలా అడుగున్నర పక్కకి జరిగి ఉంటే మాత్రం గాడి కొట్టే కుర్రాడు ఏం చేస్తాడో తెలుసా, రెండు మూలలు తిప్పడం ఎందుకని అడ్డదారిలో ఏటవాలుగా గాడి కొట్టేస్తాడు, 45 డిగ్రీల ఎల్బోలు (వంపు ముక్కలు) రెండు వేస్తే సరి, పైపూ కలిసొస్తుంది, సాయంత్రం ఐదింటికి ఇంటికీ పోవచ్చు. టైల్ వేశాక ఎవడికి కనపడుద్ది. మన మూడోఅంతస్తు గారి కేసు చదవగానే నాకు ముందు తట్టింది అదే.

ఇంకో మాట, లోపల ఏముందో లెక్క చూసుకోండి. టైల్ 8 మిల్లీమీటర్లు, దాని వెనక సిమెంటు, ఆ వెనక ప్లాస్టరింగ్, అన్నీ కలిపి పైపు ముందు వైపుకి ఒక 30 మిల్లీమీటర్లు మందం ఉంటే మంచి మేస్త్రి కట్టినట్టు, గాడి లోతుగా కొట్టలేదంటే 20 కూడా ఉండదు. పైపు ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు) అయితే బయటి వెడల్పు 22 మిల్లీమీటర్లు, అర అంగుళమైతే 16. మీ స్క్రూ కనీసం 40 మిల్లీమీటర్లు దిగితే గానీ ఇటుకని పట్టదు. కాబట్టి "పైపు తగలకుండా కొంచెమే దించుదాం" అనే ఆలోచన కుదరదు, అది టైల్‌నీ సిమెంటునీ పట్టుకుని వేలాడుతుంది, నాలుగు రోజులకి ఊడొస్తుంది. లోతు తగ్గించడం కాదు, చోటు మార్చాలి.

డల్లాస్_బాబాయ్ (శనివారం, ఉదయం 11:20)

ఇక్కడ మా ఇళ్ళల్లో అయితే గోడంతా డొల్ల, చెక్క స్టడ్లు వాటి మీద షీట్ రాక్, పైపు స్టడ్‌లోంచి పోయే చోట ఇనప పలక కొడతారు మేకు దిగకుండా. స్టడ్ ఫైండర్ అని చిన్న మెషిన్ గోడ మీద జరుపుతూ పోతే కూత పెడుతుంది. అలాంటిది అక్కడ కూడా దొరుకుతుంది కదా, ఒకటి కొనుక్కోండి సింపుల్‌గా అయిపోద్ది.

ప్లంబింగ్‌పంతులు (శనివారం, ఉదయం 11:34)

బాబాయ్, మీ గోడ వేరు మా గోడ వేరు. మామూలు డిటెక్టర్ పట్టేది లోహాన్ని, కరెంటు వైరుని. సీపీవీసీ ప్లాస్టిక్కు, దాని మీద టైలూ సిమెంటూ, అది కూత పెట్టదు, పెట్టకపోతే ఏం లేదనుకుని కొట్టేస్తారు, అది ఇంకా డేంజరు. అలాగని పనికిరాదని కాదు, మిక్సర్ కాళ్ళు బిగించే చోట, గీజర్ పాయింట్ల దగ్గర లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బోలు ఉంటాయి, అవి పట్టుకుంటుంది. మేస్త్రి మధ్యలో ఎక్కడైనా షవర్ పాయింట్ వదిలి డమ్మీ మూత కొట్టి మీద టైల్ వేసేసినా తెలుస్తుంది, అలా వేసేసినవి చాలా చూశాను. గీజర్ వైరు గోడలోంచి పోతుంటే అదీ తెలుస్తుంది. డ్రిల్ చేసేటప్పుడు గీజర్ ఎంసీబీ (కరెంటు బోర్డులో ఉండే బ్రేకర్) మాత్రం ఆఫ్ చెయ్యండి, స్విచ్చు కాదు, ఎంసీబీ.

వంటింటి_ఇంజినీర్ (శనివారం, మధ్యాహ్నం 12:15)

నేను చేసిన పద్ధతి చెప్తాను, పైసా ఖర్చు లేదు. తెల్లారుజామున గోడ చల్లగా ఉన్నప్పుడు గీజర్ ఫుల్లుగా వేడెక్కనివ్వండి, తర్వాత మిక్సర్‌లో వేడినీళ్ళు ఒక్కటే తిప్పి సన్నటి ధారగా వదిలేయండి. ధార పెద్దది పెడితే 15 లీటర్ల గీజర్ మూడు నిమిషాల్లో ఖాళీ, గోడ వేడెక్కే టైమే ఉండదు, అందుకే సన్నగా ఒక పది పదిహేను నిమిషాలు పోవాలి. సీపీవీసీ ఇనప పైపులా గబుక్కున వేడిని వదలదు, ఓపిక పట్టాలి. తర్వాత అరచేతి వెనక భాగంతో (అరచేత్తో కాదు, వెనక వైపు చర్మానికి బాగా తెలుస్తుంది) టైల్స్ మీద నెమ్మదిగా అడ్డంగా రాస్తూ పోండి, గోరువెచ్చటి పట్టీ ఒకటి దొరుకుతుంది, దాని మధ్యలో టేపు ముక్క అంటించండి, ఇంకో జానెడు పైన మళ్ళీ చూసి మళ్ళీ టేపు. అలా గీజర్ దాకా పోతే ముక్కలన్నీ కలిపి మీ పైపు బొమ్మ గోడ మీద ఉంటుంది. మా అత్తగారు తలుపు తీసి చూసి గోడకి జ్వరం చూస్తున్నావా అన్నారు.

చేతికి తెలియకపోతే పల్చగా తడి గుడ్డతో గోడంతా తుడిచి చూడండి, పైపు ఉన్న చోట ముందు ఆరుతుంది.

మూడోఅంతస్తు (శనివారం, మధ్యాహ్నం 1:02)

అబ్బ ఇది బావుందండి, రేపు పొద్దున్నే చేస్తాను. కానీ ఇది వేడినీళ్ళ పైపుకే కదా, చన్నీళ్ళ పైపు సంగతి?

సీమ_చినుకు (శనివారం, మధ్యాహ్నం 1:30)

అది చెప్పేదానికే వచ్చినా సామీ. ఇప్పుడు ఏ నెల? మే నెల. మధ్యాన్నం రెండింటికి మిద్దె మీద నల్ల ట్యాంకులో నీళ్ళు ఎట్లుంటాయి? మా అనంతపురంలో అయితే చన్నీళ్ళ కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. దేవుడు ఫ్రీగా ఇచ్చిన గీజరప్పా అది. పొద్దున గీజర్‌తో వేడి లైను చూడు, మధ్యాన్నం ట్యాంకు నీళ్ళతో చల్ల లైను చూడు. ఒక పక్క టేపు నీలం, ఇంకో పక్క ఎరుపు. మూడో అంతస్తు కాబట్టి ముందు డక్ట్‌లో, అదే పైపులు దిగే సందులో, ఉన్న నీళ్ళు పోయి ట్యాంకువి వచ్చేదాకా కొంచేపు వదలాల, ఆ నీళ్ళు బకెట్లో పట్టుకో, పారబోయొద్దు.

వంటింటి_ఇంజినీర్ (శనివారం, మధ్యాహ్నం 1:36)

ఇది నాకు తట్టనే లేదు! దండం.

పాతఇల్లు_1994 (శనివారం, మధ్యాహ్నం 3:48)

మాది విజయవాడలో పాత ఇల్లు, జీఐ (ఇనప) పైపులు. మాకు మీ టెస్టులేం అక్కర్లేదు, తుప్పు నీళ్ళు గోడ మీద ఎర్రగా చారలు కట్టి పైపు ఎక్కడుందో అదే చూపిస్తుంది 😀 కిందటేడు ఒకచోట మేకు కొడితే మేకు పైపుకి తగిలి వంగింది, పైపుకి ఏం కాలేదు. ఆ రోజుల్లో సరుకు అలాంటిది.

ప్లంబింగ్‌పంతులు (శనివారం, సాయంత్రం 4:10)

సార్ ఆ పైపు లోపల తుప్పు పట్టి పెన్సిల్ సందు మిగిలి ఉంటుంది, నీళ్ళు సన్నగా రావట్లేదా? వస్తుంటే మీరు అదృష్టవంతులు.

పాతఇల్లు_1994 (శనివారం, సాయంత్రం 4:25)

సన్నగానే వస్తాయి. అది మున్సిపాలిటీ తప్పనుకున్నాను.

పెంట్‌హౌస్_పేదోడు (శనివారం, రాత్రి 8:30)

టాపిక్ మధ్యలో దూరుతున్నందుకు సారీ, షవర్ అనగానే ఆగలేకపోయా. మాది టాప్ ఫ్లోర్. మోజుపడి పెద్ద రెయిన్ షవర్, పళ్ళెం అంత ఉంటుంది, పెట్టించా. వాన కాదు, మంచు కురిసినట్టు కూడా లేదు, చూరు నీళ్ళలాగా మధ్యలోంచి కారుతోంది. షాపువాడు ప్రెషర్ చాలదు అంటున్నాడు, ట్యాంకు నెత్తి మీదే ఉంది కదా ప్రెషర్ ఎందుకు చాలదు?

ప్లంబింగ్‌పంతులు (శనివారం, రాత్రి 9:05)

నెత్తి మీదే ఉంది కాబట్టే చాలదు. ప్రెషర్ వచ్చేది ఎత్తు నుంచి, పది మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక బార్. మీ షవర్ నేల నుంచి రెండు మీటర్లు, సీలింగ్ మూడు మీటర్లు, ట్యాంకు డాబా మీద రెండడుగుల దిమ్మె మీద ఉందనుకోండి, మొత్తం కలిపి మీటరున్నర చిల్లర, అంటే 0.16 బార్ అటూ ఇటూగా. పళ్ళెం షవర్‌కి అర బార్ అయినా లేకపోతే అది చూరే. మూడో అంతస్తు వాళ్ళకి మీ కంటే ఇంకో ఆరు మీటర్లు కలిసొస్తుంది. మీకు దారులు రెండు, ప్రెషర్ పంపు పెట్టుకోవడం, లేదా ఆ పళ్ళెం తీసేసి చిన్న షవర్ పెట్టుకోవడం. అంతకంటే ముందు షవర్ విప్పి చూడండి, బోరు నీళ్ళయితే ఆ రంధ్రాల్లో సున్నం పేరుకుని ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దండి.

మూడోఅంతస్తు (ఆదివారం, సాయంత్రం 4:55)

చేశానండీ, రెండూ చేశాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పొద్దున ఐదున్నరకి గీజర్ టెస్టు. మొదటి పది నిమిషాలు ఏం తెలియలేదు, చేతిది తెలుస్తోందా మనసుది తెలుస్తోందా అన్నట్టు ఉంది. పావుగంట దాటాక మిక్సర్ ఎడమ కాలు పైన వెచ్చగా తెలిసింది. పోరడు తమ్ముడు చెప్పినట్టు సీదానే పైకి పోయింది, ఒక అడుగు దాకా. తర్వాత మాయం! పైకి ఎంత రాసినా చల్లగా ఉంది. అప్పుడు పంతులుగారి మాట గుర్తొచ్చి కుడి పక్కకి జరిపితే దొరికింది. అక్కడి నుంచి ఏటవాలుగా, మిక్సర్ నెత్తి మీదుగా కుడి పక్కకి, గీజర్ దాకా మెట్ల రైలింగ్‌లాగా పోయింది. ప్లంబర్ టకటక కొట్టి ఇక్కడేం లేదన్న చోటు ఉంది కదా, పైన స్క్రూకి వాడు పెన్సిల్ గుర్తు పెట్టి వెళ్ళాడు, ఆ గుర్తుకీ నా టేపుకీ మధ్య వేలు పట్టే సందు కూడా లేదు. టేపు అంటించి రెండు నిమిషాలు అలా నిలబడిపోయాను.

మధ్యాహ్నం సీమ_చినుకు గారి టెస్టు. రెండున్నరకి చన్నీళ్ళు తిప్పితే నిజంగానే సలసల. నాలుగు బకెట్లు పట్టాక గోడకి తెలిసింది. చల్ల లైను డక్ట్ వైపు నుంచి, అంటే కుడి నుంచి వచ్చి గీజర్ కింద చీలి ఒకటి గీజర్‌కి, ఒకటి కిందకి మిక్సర్ కుడి కాలుకి. ఇది మాత్రం సీదానే ఉంది. నేను అనుకోనిది ఇంకోటి, మిక్సర్ కుడి కాలు నుంచి ఒక పాయ కిందకి దిగి, నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో ఎడమకి అడ్డంగా పోయింది, కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్‌కి. దాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

నమ్మకం చాలక ఆఫీసులో మెయింటెనెన్స్ అబ్బాయిని కూడా పిలిచాను, ప్యానెల్ బోర్డులు వేడెక్కుతున్నాయా అని చూసే థర్మల్ కెమెరా ఉంటుంది వాళ్ళ దగ్గర. అందులో మొదట గోడ మీద ఒక పెద్ద ఎర్ర మనిషి కనపడ్డాడు, కంగారుపడ్డాం, తీరా చూస్తే మెరిసే టైల్ కదా, మా ఇద్దరి ఒంటి వేడే అద్దంలోలాగా కనపడుతోంది. పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే పైపు కనపడింది. చేత్తో పెట్టిన టేపులకీ దానికీ ఎక్కువలో ఎక్కువ రెండు సెంటీమీటర్లు తేడా.

కాబట్టి మిక్సర్‌కి ఎడమ పక్కన, ఎడమ కాలు నుంచి పది అంగుళాలు జరిగి, మూడున్నర అడుగుల దగ్గర ఒక స్క్రూ, ఐదున్నర దగ్గర ఒకటి అనుకుంటున్నా. అక్కడ రెండు రంగుల టేపులూ లేవు. సరేనా?

ఓరుగల్లు_పోరడు (ఆదివారం, సాయంత్రం 5:20)

అన్నా నా మాట ఇని కుడి పక్క కొట్టి ఉంటే… వామ్మో. తప్పైంది. నా పోస్టు తీసేయమంటే తీసేస్త.

గోదారిగట్టు (ఆదివారం, సాయంత్రం 5:31)

తీయకండి బాబూ ఉండనివ్వండి, నా తోడల్లుడు కూడా అదే అన్నాడు, సీదా ఉంటాయని.

ప్లంబింగ్‌పంతులు (ఆదివారం, సాయంత్రం 6:15)

ఎడమ పక్క సరే. ఇప్పుడు డ్రిల్ సంగతి. మొదలుపెట్టే ముందు మీ ఫ్లాట్‌కి నీళ్ళు ఆపే వాల్వు ఎక్కడుందో వెళ్ళి చూసి ఒకసారి తిప్పి చూడండి, డక్ట్‌లోనా, డాబా మీదా, తిరుగుతోందా బిగుసుకుపోయిందా. నీళ్ళు చిమ్ముతున్నప్పుడు వాచ్‌మన్ కోసం వెతకడం నరకం. ఒకవేళ ఎంత చూసుకున్నా పైపుకి తగిలిందే అనుకోండి, గాభరాలో బిట్టు బయటికి లాగొద్దు, అక్కడే ఉంచితే అదే సగం ఆపుతుంది, లాగేసి ఉంటే స్క్రూ అయినా కుక్కండి, వాల్వు కట్టేదాకా. తర్వాత టైల్ ఒకటి పగలగొట్టి ఆ ముక్క కోసి కప్లింగులు వేసి సాల్వెంట్ అతికించి, రాత్రంతా ఆరనిచ్చి, నీళ్ళు వదిలి కారడం లేదని చూసుకున్నాకే మూయాలి. ఎం-సీల్ పూసి సిమెంట్ మెత్తేస్తానంటాడు ప్లంబర్, ఒప్పుకోవద్దు. వేడినీళ్ళ లైనులో అది నిలవదు.

డ్రిల్‌లో హ్యామర్ మోడ్ ఆఫ్. టైల్ దాటేదాకా హ్యామర్ వాడారా, టైల్ గోవిందా.

వంటింటి_ఇంజినీర్ (ఆదివారం, సాయంత్రం 6:40)

టైల్ మీద ముందు పేపర్ టేపు గుణకారం గుర్తులా అంటించి దాని మీద మార్క్ చెయ్యండి, బిట్టు జారదు. ఈటె మొనలా ఉండే టైల్ బిట్టుతో మెల్లగా, మధ్యమధ్యలో నీళ్ళు చిలకరిస్తూ. టైల్ దాటగానే శబ్దం మారుతుంది, ఎర్ర పొడి మొదలవుతుంది, అప్పుడు మామూలు బిట్టు మార్చి హ్యామర్ పెట్టుకోవచ్చు. బిట్టుకి 45 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టుకోండి, అది టైల్‌కి తగలగానే ఆగడమే. పొడి ఎర్రగా కాకుండా తెల్లగా బూడిదలా వస్తూ బిట్టు వెన్నలో దిగినట్టు దిగితే అది లైట్‌వెయిట్ బ్లాక్, దానికి స్క్రూ పట్టేందుకు రంధ్రంలో కుక్కే మామూలు ప్లగ్గులు పట్టవు, పొడుగు నైలాన్ ప్లగ్గులు వేరే ఉంటాయి.

టైల్ మధ్యలో కొట్టండి, అంచుకి దగ్గరగా వద్దు.

పాతఇల్లు_1994 (ఆదివారం, రాత్రి 7:05)

జాయింట్‌లో కొడితేనే మంచిది కదమ్మా? రేపు తీసేస్తే వైట్ సిమెంట్ పెడితే కనపడదు, టైల్‌కి బొక్క ఉండదు.

వంటింటి_ఇంజినీర్ (ఆదివారం, రాత్రి 7:12)

జాయింట్ మీ బిట్టు కంటే సన్నం అండీ, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, ఆరు మిల్లీమీటర్ల బిట్టు పెడితే రెండు టైల్స్ అంచులూ లేచిపోతాయి. పాత ఇళ్ళల్లో చిన్న టైల్స్‌కి వెడల్పు జాయింట్లు ఉండేవి, అక్కడైతే మీరన్నది కరెక్టే.

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 8:20)

ఒక మాటండి మూడోఅంతస్తు గారూ, పైపుల గొడవలో పడి మర్చిపోకండి. పెద్దాయన మోకాలు ఆపరేషన్ అయ్యాక, లేచేటప్పుడు చేతికి ఏది అందితే అది పట్టుకుంటారు. ఆ షవర్ రాడ్డు మనిషి బరువు ఆపదు. మా నాన్నగారు అలాగే పట్టుకుంటే రాడ్డుతో సహా వచ్చారు, దేవుడి దయ వల్ల బకెట్ మీద పడ్డారు. పట్టుకోడానికి వేరే హ్యాండిల్, గ్రాబ్ బార్ అంటారు, అది కూడా ఇదే ఊపులో పెట్టేయండి. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఏ చేత్తో ఆనుకుని లేస్తారో చూసి అక్కడ గుర్తు పెట్టండి, మన లెక్కలు కాదు.

ప్లంబింగ్‌పంతులు (ఆదివారం, రాత్రి 8:41)

నూటికి నూరు. గ్రాబ్ బార్‌కి 10 మిల్లీమీటర్ల ప్లగ్గులు, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు కనీసం 60 మిల్లీమీటర్లు, ఒక్కో వైపు మూడు. ఇటుక గోడయితేనే ఇది. బిగించాక ముందు మీరు వేలాడి చూడండి, తర్వాతే ఆయన్ని పట్టుకోనివ్వండి. చూషణ కప్పులతో అతుక్కునేవి అమ్ముతారు, అవి అద్దం తుడుచుకోడానికి కూడా పనికిరావు.

మూడోఅంతస్తు (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:30)

వారం అయింది, అప్‌డేట్. మొదటి రంధ్రం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికిన తీరు మా ఆవిడ వీడియో తీసింది, ఎవరికీ చూపించనంది, మా బావమరిదికి పంపింది. వాల్వు ముందే కట్టేశాను, మళ్ళీ నీళ్ళు వదిలి చూశాను. ఎర్ర పొడి, ఇటుకే. రంధ్రాలన్నీ పొడిగా ఉన్నాయి. ఆఖరి దానికి తొందరపడి టైల్ పూర్తిగా దాటకముందే హ్యామర్ పెట్టాను, వెంట్రుక వాసి చీలిక ఒకటి వచ్చింది, అది ఫ్లాంజ్ (గోడకి ఆనే గుండ్రటి బిళ్ళ) కిందకి దాదాపు దాక్కుంది. దాదాపు.

మిక్సర్ కూడా మార్చాల్సొచ్చింది, పాతదానికి హ్యాండ్ షవర్ గొట్టం తగిలించే మర లేదు. టెలిఫోనిక్ షవర్ ప్రొవిజన్ ఉన్నది తెచ్చాను. కాళ్ళ మధ్య దూరం రెండిటికీ 150 మిల్లీమీటర్లే, అదృష్టం. ఇక్కడ వేరే ప్లంబర్ని పిలిచాను, ఆయన రెండడుగుల పానా తీసి పాత కాళ్ళు విప్పబోతే నేనే ఆపాను, బలంగా తిప్పితే లోపల ఎల్బో కూడా తిరిగి అతుకు విరుగుతుందని ఎక్కడో చదివా. ఆయన నవ్వి, హెయిర్ డ్రయ్యర్ ఉందా అని అడిగి, కాసేపు వేడి పెట్టి, చిన్న పానాతో అటూ ఇటూ కదుపుతూ మెల్లగా తీశాడు. టెఫ్లాన్ టేపు మర బిగిసే వైపుకే పన్నెండు చుట్లు లెక్కపెట్టి చుట్టాడు. ఆయన నెంబరు అడక్కండి, ఇప్పటికే మా అపార్ట్‌మెంట్లో సగం మంది అడిగారు.

ఒక డౌటు, ఫ్లాంజ్ చుట్టూ సిలికాన్ పూర్తిగా కొట్టమంటారా? ఆయన కింద కొంచెం వదిలేశాడు, మర్చిపోయాడా కావాలనా తెలీదు.

వంటింటి_ఇంజినీర్ (ఆదివారం, మధ్యాహ్నం 12:52)

చుట్టూ మూసెయ్యండి, లేకపోతే నీళ్ళు లోపలికి పోయి గోడ తాగుతుంది.

ప్లంబింగ్‌పంతులు (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

రాడ్డు స్క్రూల దగ్గర చుట్టూ మూసెయ్యండి, రంధ్రంలోకి కూడా ప్లగ్గుకి ముందు చుక్క సిలికాన్ కుక్కి ఉండాల్సింది. మిక్సర్ కాళ్ళ ఫ్లాంజ్‌లకి మాత్రం పైనా పక్కలా కొట్టి అడుగున చిటికెన వేలంత వదలాలి. రేపు ఆ మర దగ్గర కారితే నీళ్ళు ఆ సందులోంచి బయటికొచ్చి మీకు కనపడతాయి, పూర్తిగా మూసేస్తే గోడ లోపలికే పోతాయి, గోదారిగట్టు గారి తోడల్లుడి బీరువా అవుతుంది. ఆయన మర్చిపోలేదు. ఆయన నెంబరు నాకైనా ఇవ్వండి, సైటులో పని ఉంది.

వంటింటి_ఇంజినీర్ (ఆదివారం, మధ్యాహ్నం 1:20)

ఓహో. మా ఇంట్లో మూసేశా. ఇవ్వాళే కింద కోసేస్తా.

డల్లాస్_బాబాయ్ (ఆదివారం, రాత్రి 9:40)

ఆ టేపులు అంటించిన గోడ ఫోటో తీశారా? కొలతలతో సహా దాచిపెట్టండి, రేపు మీరు అమ్మినా కొన్నవాడు దండం పెడతాడు.

మూడోఅంతస్తు (ఆదివారం, రాత్రి 10:02)

తీశాను బాబాయ్. మిక్సర్ నుంచి, మూల గోడ నుంచి కొలతలు కాగితం మీద రాసి, కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి గీజర్ ఎంసీబీ డబ్బా తలుపు లోపల అంటించాను. నాన్నగారు నిన్న వచ్చి ట్రయల్ వేశారు. షవర్ బానే ఉందిరా కానీ చెంబు ఎక్కడ అన్నారు.

ఓరుగల్లు_పోరడు (సోమవారం, ఉదయం 7:15)

అన్నా, తెల్లారంగ లేసి మా బాత్రూంల గీజర్ టెస్టు చేసిన. మాది సీదానే ఉంది 😀 కానీ నేను బిగించిన టవల్ రాడ్ స్క్రూ, పైపు పట్టీ నడిమిట్ల ఉన్నట్టు కొడుతుంది. ఇప్పుడు స్క్రూ ఇప్పి చూడాల్నా, గట్లనే ఉంచాల్నా? పంతులు సార్ జల్ది చెప్పున్రి, ఆఫీసుకు పోవాలె.

ప్లంబింగ్‌పంతులు (సోమవారం, ఉదయం 7:22)

ముట్టుకోకు! అవతలి గోడకి చెమ్మ ఉందో చూసి చెప్పు ముందు. ఆఫీసుకి లీవ్ పెట్టు.